పై స్వరం ఎవరిది

వర్క్‌షాపు మొదలైన రోజు పొద్దున పదకొండు గంటలప్పుడు, గోడవైపు తిరిగి నిలబడి వింటున్న, నేర్పడానికి వచ్చిన మేడమ్ ఉన్నట్టుండి చెయ్యెత్తి వాయిద్యాలన్నీ ఆపించారు.

"ఆ పై స్వరం ఎవరు వాయించారు?" అన్నారు, ఇటు తిరక్కుండానే.

వేసవి సెలవులకి మూతబడిన బడి అది. పిల్లల బల్లలన్నీ వెనక గోడకి తోసేసి, మధ్యలో ఇరవై రెండు కుర్చీలు అర్ధచంద్రాకారంలో వేశారు. వాటిలో కూర్చున్నవాళ్లంతా ఇత్తడి వాద్యాలు ఊదేవాళ్లే. అగ్నిమాపకదళం బ్యాండు నుంచి కొందరు, పోలీసు బ్యాండు నుంచి కొందరు, పెళ్లి ఊరేగింపుల్లో వాయించేవాళ్లు కొందరు. గాజు ఫ్యాక్టరీ బ్యాండు నుంచి ముగ్గురు వచ్చారు. మొదటి ట్రంపెట్ మేస్త్రీ, రెండో ట్రంపెట్ అతని బావమరిది, బరువైన కింది స్వరాల ట్యూబా వాయించే పెద్దాయన.

"నేనేనండీ," అన్నాడు మేస్త్రీ.

అందులో అనుమానమేముంది? మొదటి ట్రంపెట్ అతనిది. పాట చివర మెట్లెక్కినట్టు ఎక్కి నాలుగు తాళం దెబ్బల సేపు నిలబడే ఆ స్వరం, పంతొమ్మిదేళ్లుగా అతనిదే. కొలిమి దగ్గర ఎనభైమందిని కనుసైగతో నడిపించే మనిషి. ఫ్యాక్టరీలో మేస్త్రీ, బ్యాండులోనూ మేస్త్రీనే. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

మేడమ్ ఇటు తిరిగారు. పొట్టి మనిషి. ముప్పై ఏళ్లు పెద్ద వాద్యబృందంలో ట్రాంబోన్ వాయించి వాయించి ఎడమ భుజం కాస్త కిందికి దిగింది. ఆవిడ మేస్త్రీని చూశారు. అతని పక్కన కూర్చున్న బావమరిదిని చూశారు. ఆ బావమరిది తన బూట్ల లేసులు ఇప్పుడే కొత్తగా కనిపించినట్టు వాటినే చూస్తున్నాడు.

"ఊఁ," అని, చేతిలోని చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నారు ఆవిడ.

ఆ 'ఊఁ' మేస్త్రీకి నచ్చలేదు. బాగుంటే బాగుందనాలి, లేకపోతే లేదనాలి. మధ్యలో ఈ ఊఁ ఏమిటి?

టీ విరామంలో మౌత్‌పీస్ కడుక్కుందామని వెనక వరండాలో కుళాయిల దగ్గరికి వెళ్లాడు. అక్కడ మేడమ్, బావమరిది ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. ఆవిడ గొంతు తగ్గించి ఏదో గట్టిగా చెబుతున్నారు. వీడు తల అడ్డంగా ఊపుతున్నాడు, బతిమాలుతున్నట్టు రెండు చేతులూ కదుపుతున్నాడు. మేస్త్రీ అడుగుల చప్పుడు వినగానే ఇద్దరూ నోళ్లు మూశారు. ఆవిడ కుళాయి తిప్పి చేతులు కడుక్కున్నారు. అప్పటికే తడిగా ఉన్న చేతులు.

"ఏంట్రా సంగతి?" అన్నాడు మేస్త్రీ ఆవిడ వెళ్లాక.

"ఏం లేదు బావా. మన బ్యాండు గురించి అడుగుతున్నారు."

"బ్యాండు గురించి అడగాలంటే బ్యాండు మేస్త్రీని అడగాలి కదా?"

బావమరిది నవ్వేశాడు. ముప్పై నాలుగేళ్లొచ్చినా వాడి నవ్వు బడి ఎగ్గొట్టినవాడి నవ్వులాగే ఉంటుంది. "మీ మొహం చూసి భయపడి ఉంటారు బావా. కొలిమి దగ్గర కాలిన మొహం కదా," అన్నాడు.

మామూలుగా అయితే మేస్త్రీ కూడా రెండు విసిరేవాడు. ఆ పూట కుళాయి వైపు తిరిగాడు. మౌత్‌పీస్‌ని అవసరానికి మించి తోమాడు.

రెండోరోజు పొద్దున మేడమ్ ట్రంపెట్లని రెండు గుంపులుగా విడదీశారు. బావమరిది పక్క గదిలోకి, మేస్త్రీ ఈ గదిలో. పంతొమ్మిదేళ్లలో మొదటి పదేళ్లు అతని కుడిపక్కన ఇంకెవరో ఉండేవాళ్లు. గత తొమ్మిదేళ్లుగా వీడే. ఇప్పుడా కుర్చీలో అగ్నిమాపకదళం మనిషి వచ్చి కూర్చున్నాడు. లావుపాటివాడు, మాటకి ముందు నవ్వేరకం. అందరూ అతన్ని ఫైరింజన్ అని పిలిచేవాళ్లు, అతనూ పలికేవాడు.

పాట మొదలైంది. మేస్త్రీ వెన్ను నిటారుగా పెట్టి ఎక్కుతూ వచ్చాడు. ఒక మెట్టు, రెండో మెట్టు, మూడు. ఆపైన ట్రంపెట్‌ని పెదవికి ఇంకాస్త అదిమి, కడుపులోంచి ఊపిరి తోశాడు.

గాలి పోయింది. స్వరం రాలేదు. వచ్చిన చిన్న ముక్క కూడా మధ్యలో చిట్లి కిందికి జారింది.

"మేస్త్రీ గారూ, గాజు పగిలినట్టుందే!" అన్నాడు ఫైరింజన్. గదంతా నవ్వింది.

"మీట పట్టేసింది," అన్నాడు మేస్త్రీ. ట్రంపెట్ తిప్పి, మీటలు మూడూ టకటకా నొక్కి చూశాడు. మూడూ వెన్నలా దిగాయి. వాటికి కొత్తగా నూనె వేసిన వాసన వచ్చింది. తను వేసి పది రోజులైంది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు..." అని ఎవరో వెనక గొణిగారు. మేస్త్రీ తిరిగి చూడలేదు. మేడమ్ మాత్రం నవ్వలేదు. ఆవిడ ఆ పుస్తకంలో మళ్లీ ఏదో రాసుకున్నారు.

మధ్యాహ్నం బడిలోనే ఇచ్చిన వసతి గదికి వెళ్లి ట్రంపెట్ పెట్టె తెరిచి, కిటికీ వెలుతురులో ప్రతి వస్తువూ బయటికి తీశాడు. గుడ్డ, నూనె సీసా, మౌత్‌పీస్ సంచి. గుడ్డ తను మడిచే పద్ధతిలో లేదు. తను మూడు మడతలు వేస్తాడు, ఇది నాలుగు.

"నా పెట్టె తెరిచావా?"

మంచం మీద పడుకుని ఉన్న బావమరిది లేచి కూర్చున్నాడు. "మీటలు బరువుగా ఉన్నాయి బావా. నిన్న మీరు స్నానానికి వెళ్లినప్పుడు నూనె వేశాను."

"అడగకుండానా?"

"ఎప్పుడూ అడగలేదుగా."

ఎప్పుడూ అంటే? ఎన్నాళ్లుగా తన పెట్టె తెరుస్తున్నాడు వీడు? మేస్త్రీ మౌత్‌పీస్‌ని వెలుతురుకి ఎత్తి చూశాడు. అంచు మీద చిన్న నొక్కు ఉందేమోనని బొటనవేలితో చుట్టూ తడిమాడు. ఏమీ లేదు. అయినా ఆ రోజు నుంచి దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు.

సాయంత్రం భార్య ఫోన్ చేసింది. తిన్నారా, ఎండ ఎలా ఉంది అన్నీ అయ్యాక, "పన్ను ఎలా ఉందండీ?" అంది.

పై వరసలో ముందుపన్ను కదులుతోంది. ఏడాది పైనే అయింది. గట్టివి కొరకడం మానేశాడు. ఆ సంగతి ఇంట్లో ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

"బాగానే ఉంది. ఎవరితోనూ అనకు."

"అనడానికేముంది? మా తమ్ముడు అడిగితే చెప్పాను, అంతే."

"వాడెందుకు అడిగాడు?"

"ఏమో. బావకి పన్ను నొప్పా అక్కా అన్నాడు. అవునన్నాను. అబద్ధం చెప్పమంటారా?"

మేస్త్రీ ఫోన్ పెట్టేశాడు. ఒక్కొక్కటీ మనసులోకి తెచ్చి పక్కపక్కన పేర్చుకున్నాడు. కుళాయి దగ్గర గుసగుసలు. గదులు వేరుచెయ్యడం. పెట్టె తెరవడం. పన్ను సంగతి కూపీ లాగడం. ఫ్యాక్టరీ బ్యాండుకి కొత్త మేస్త్రీ కావాలనుకుంటున్నారా? పొమ్మనలేక పొగబెడుతున్నారా? అలాంటప్పుడు వయసైపోయినవాణ్ణి వర్క్‌షాపుకి పంపి, అక్కడ పదిమందిలో వాడి బండారం బయటపెట్టడం కన్నా మంచి ఉపాయమేముంటుంది? పక్కనే ఉన్నవాడు సింహాసనం ఎక్కడానికి మెట్లు తుడుచుకుంటున్నాడన్నమాట.

మూడోరోజు తెల్లవారుతూనే మెలకువ వచ్చేసరికి పక్క మంచం ఖాళీగా ఉంది. వాడి ట్రంపెట్ కూడా లేదు.

మేస్త్రీ చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి వచ్చాడు. బడి వెనక మైదానం చివర నీళ్ల ట్యాంకు ఉంది, సిమెంటు కాళ్ల మీద నిలబడి. అటువైపు నుంచి సన్నగా ట్రంపెట్ వినిపిస్తోంది. దాని నోటికి మోత తగ్గించే మూత బిగించి వాయిస్తున్నట్టుంది, శబ్దం దుప్పటి కప్పుకుని దగ్గినట్టు వస్తోంది. అయినా మేస్త్రీ చెవికి పోల్చుకోవడం కష్టమా? అది రెండో ట్రంపెట్ వాయించే స్వరం కాదు. అది పై స్వరం. తన స్వరం.

అక్కడే నిలబడిపోయాడు. కాళ్ల కింద కంకర గుచ్చుకుంటున్నా తెలియలేదు. మళ్లీ అదే. కాసేపు నిశ్శబ్దం, మళ్లీ అదే స్వరం. వెనక్కి వచ్చి మంచం మీద పడుకుని, కళ్లు మూసుకుని, వాడు తలుపు తెరిచి పిల్లిలా లోపలికి వచ్చే చప్పుడు విన్నాడు.

"ఎక్కడికి వెళ్లావ్?"

బావమరిది ఉలిక్కిపడ్డాడు. ట్రంపెట్‌ని వీపు వెనక్కి జరిపాడు. "కాస్త నడిచొద్దామని బావా."

"నడిచావా?"

"ఆఁ. గాలి బాగుంది."

అబద్ధం. మొహం మీద అబద్ధం. పెదవి మీద మౌత్‌పీస్ గుండ్రటి ముద్ర ఇంకా ఎర్రగా ఉంది, నడవడానికి వెళ్లాడట! ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మేస్త్రీ పట్టేశాడు.

ఆ రోజు మధ్యాహ్నమే శనివారం సాయంత్రం కచేరీకి ఎవరెవరు ఏ కుర్చీలో కూర్చోవాలో జాబితా ఇమ్మన్నారు. ఒక్కో బ్యాండు వాళ్ల మేస్త్రీ తమ మనుషుల పేర్లు రాసివ్వాలి. మేస్త్రీ కాగితం మీద తన పేరు రాశాడు, మొదటి ట్రంపెట్. పెద్దాయన పేరు రాశాడు, ట్యూబా. కలానికి మూత పెట్టేశాడు.

మేడమ్ చదివి, తలెత్తారు. "రెండో ట్రంపెట్?"

"అగ్నిమాపకదళం అతనికి ఇవ్వండి. మావాడికి క్రమశిక్షణ తక్కువ. చెప్పినట్టు వాయించడు."

"చెప్పినట్టు వాయించడా?" ఆవిడ ఆ మాటని నోట్లో తిప్పి చూస్తున్నట్టు అన్నారు. "ఆలోచించే రాశారా మేస్త్రీ గారూ?"

"ఆలోచించే."

"సరే. మీ బ్యాండు, మీ ఇష్టం."

జాబితా తలుపుకి అంటించారు. బావమరిది వచ్చి, పైనుంచి కిందికి వేలు పెట్టి చదివాడు. చివరిదాకా వచ్చి మళ్లీ పైనుంచి చదివాడు. మేస్త్రీ వరండా స్తంభం పక్క నుంచి చూస్తూ, వాడు అరుస్తాడనో ఆవిడ దగ్గరికి పరిగెత్తుతాడనో ఎదురు చూశాడు. వాడు అరవలేదు. కాగితం ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటుంటే, బొటనవేలితో అదిమి మళ్లీ అంటించాడు.

"కుర్చీలు, స్టాండులు నేను సర్దుతాలే బావా," అన్నాడు దగ్గరికి వచ్చి. "ఎవరో ఒకరు చెయ్యాలి కదా."

దొంగ గుట్టు నిజంగా బయటపడితే వాడు ఇంత మెత్తగా మాట్లాడతాడా? మాట్లాడతాడు, ఇంకేదో మనసులో ఉంటే.

సాయంత్రం ట్యూబా పెద్దాయన వరండాలో పక్కన చతికిలబడ్డాడు. ఊపిరి పీల్చి వదలడం తప్ప పెద్దగా మాట్లాడే మనిషి కాదు. "ఆ పేరు ఎందుకు తీసేశావయ్యా?" అన్నాడు.

"మీకు తెలీదు."

"నాకు తెలిసింది చెప్పమంటావా మరి?"

"వద్దు," అన్నాడు మేస్త్రీ. పెద్దాయన కూడా వాడి పక్షమేనని అప్పుడు అర్థమైంది. పెద్దాయన మోకాళ్లు పట్టుకుని లేచి వెళ్లిపోయాడు.

నాలుగోరోజు పెద్ద హాల్లో, వేదిక మీద, అందరూ కలిసి సాధన. పై స్వరం దగ్గరికి వచ్చేసరికి మేస్త్రీ మెడనరాలు తాళ్లలా ఉబ్బాయి. మొదటిసారి గాలి పోయింది. రెండోసారి చిట్లింది. ఈసారి ఫైరింజన్ హాస్యమాడలేదు. అది ఇంకా ఘోరంగా ఉంది. నవ్వేవాడు నవ్వడం మానేస్తే జబ్బు ముదిరినట్టే.

"ముందుకి పోదాం," అన్నారు మేడమ్, మామూలుగా.

భోజనాల వేళ అందరూ వెళ్లాక, మేస్త్రీ ప్రయోగశాల గదిలో దూరి తలుపేసుకున్నాడు. గాజు సీసాల బీరువాల మధ్య నిలబడి ఆ ఒక్క స్వరం కోసం ముప్పై సార్లు ఊదాడు. రెండుసార్లు వచ్చింది. ఇరవై ఎనిమిది సార్లు రాలేదు. పెదవి లోపల ఉప్పగా తగిలింది. బీరువా అద్దంలో చూసుకుంటే పంటి మొదట్లో సన్నగా రక్తం. ఇంతకు ముందు వచ్చేది కదా? నెల క్రితం, ఫ్యాక్టరీ గేటు దగ్గర, ఎంత నిండుగా వచ్చింది! నిజమే, ఒక్కోసారి మొదట గాలి మాత్రమే పోయినట్టు అనిపించేది. మరుక్షణం స్వరం గదంతా నిండేది. అనుభవం అంటే అదే అనుకునేవాడు. పెదవి తడబడినా అనుభవం పట్టుకుంటుందని బ్యాండులో కుర్రవాళ్లకి చెప్పేవాడు కూడా. ఇక్కడికొచ్చాకే ఎందుకు ఆగిపోయింది? ఇక్కడ ఏదో చేశారు.

నోరు కడుక్కుని హాలు మీదుగా వస్తుంటే, వేదిక మీద బావమరిది ఒక్కడే ఉన్నాడు. కుర్చీలు సర్దడం అయిపోయింది. వాడు పక్క తెర వెనక నిలబడి, మేస్త్రీ కూర్చునే కుర్చీవైపు చూశాడు. రెండడుగులు ముందుకి వేశాడు. ఒకసారి చప్పట్లు కొట్టి, తల వంచి, ఆ చప్పుడు ఎటు పోయిందో విన్నాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. మళ్లీ చప్పట్లు. చివరికి నేలమీద సుద్దముక్కతో చిన్న గీత గీసి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మేస్త్రీ తెర వెనక్కి వెళ్లి చూశాడు. సుద్దగీత పక్కన, పాత జెండాల కట్ట చాటున, బావమరిది ట్రంపెట్ పెట్టె ఉంది.

అంతా అర్థమైపోయింది. రేపు కచేరీలో నిండు సభలో తన స్వరం చిట్లినప్పుడు, తెర వెనక నుంచి వీడి స్వరం లేస్తుంది. జనం తలలు తిప్పి చూస్తారు. తెర చాటు నుంచి వీడు నడిచి వస్తాడు. ఇక తన బతుకు నవ్వులపాలు. ఆహా, ఏం పన్నాగం! ఆ నూనె, ఆ నవ్వు, "కుర్చీలు నేను సర్దుతాలే బావా", అన్నీ ఇందుకే.

పెట్టెని అక్కడే వదిలేశాడు. రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకుంటేనే రుచి.

శనివారం తెల్లవారుజామున బావమరిది లేచి తలుపు దగ్గరికి వేసి వెళ్లేదాకా నిద్ర నటించాడు. తర్వాత మైదానం అంచున గోడ వెంబడి నడిచి, నీళ్ల ట్యాంకు దాకా వెళ్లాడు. ఈసారి దూరంగా ఆగలేదు. సిమెంటు కాలు చాటున, వాడికి పది అడుగుల దూరంలో నిలబడ్డాడు. అనాల్సిన మాటలు రాత్రే సిద్ధం చేసుకున్నాడు. మొదటి మాట, 'తిన్నింటి వాసాలు లెక్కపెడతావురా?'

తెర చాటు నుంచి తెచ్చుకున్న ట్రంపెట్‌ని బావమరిది పెదవికి ఆనించి ఉన్నాడు. కానీ వాయించడం లేదు. ఎడమ పాదం మాత్రం నేలమీద లయ వేస్తోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మేస్త్రీ నోరు తెరవబోయి ఆగాడు. ఏం చేస్తున్నాడు వీడు?

పాదం లయ వేస్తూనే ఉంది. ఉన్నట్టుండి స్వరం. పై స్వరం. మూత బిగించిన మెత్తటి స్వరం. నాలుగు దెబ్బలు, ఆగింది. మళ్లీ నిశ్శబ్దం, పాదం చప్పుడు.

మేస్త్రీ కుడిచేతి వేళ్లు వాటంతట అవే సిమెంటు కాలు మీద కదిలాయి. పంతొమ్మిదేళ్ల అలవాటు, లయ వింటే వేళ్లు ఊరుకోవు. లేని మీటలు నొక్కుతూ పాట మొదటి నుంచి నడిపాడు. ఒక మెట్టు, రెండో మెట్టు, మూడు. అవి వాయించాల్సింది తను. వాటన్నిటి మీదా బావమరిది మౌనంగా ఉన్నాడు. తన వేళ్లు పై స్వరం మీటలు నొక్కి, మనసులో ఊపిరి తోసిన చోట, అరక్షణం ఆలస్యంగా బావమరిది ట్రంపెట్ మోగింది.

అరక్షణం. అంటే ముందు మేస్త్రీకి వస్తుందో రాదో చూసి.

రెండోసారి పాట మొదలైంది. మళ్లీ మేస్త్రీ వేళ్లు కదిలాయి. మధ్యలో ఇంకో చోట, గబుక్కున పైకి గెంతే చిన్న స్వరం ఒకటుంది. సరిగ్గా అక్కడా మోగింది. వీడు మేస్త్రీ పాటని సాధన చెయ్యడం లేదు. మేస్త్రీ పాటలో ఉన్న చిల్లుల్ని సాధన చేస్తున్నాడు. ఒక్కో చిల్లూ ఎక్కడుందో, ఎంత వెడల్పో వీడికి కంఠతా వచ్చు. జాబితాలో పేరు కొట్టేశాక కూడా, తెర వెనక సుద్దగీత మీద నిలబడి వాటిని పూడ్చడానికి కొలతలు తీసుకున్నాడు.

సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. మేస్త్రీ ముందుకి వచ్చాడు. అతన్ని చూడగానే బావమరిది ట్రంపెట్ దించాడు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు మేస్త్రీ.

"బావా, అది..."

"ఎన్నాళ్ల నుంచిరా?"

"రెండేళ్లు." వాడు ట్రంపెట్ మూత తీసి చేతిలో పట్టుకున్నాడు. "కొత్త కొలిమి వెలిగించిన రోజు కచేరీలో, మొదటిసారి. నేను అనుకుని చెయ్యలేదు బావా. మీరు తడబడ్డారు, నా దగ్గర ఊపిరుంది, వదిలేశాను. దిగాక మీరు ఎంత సంతోషంగా ఉన్నారో. నా భుజం తట్టి, విన్నావా అన్నారు. తర్వాత ఎలా ఆపాలో తెలీలేదు."

"ఎవరెవరికి తెలుసు?"

"పెద్దాయనకి తెలుసు." మూతని వేళ్ల మధ్య తిప్పాడు. "మిగతావాళ్లకి... అందరికీ చెవులున్నాయి కదా బావా."

"మీ అక్కకి?"

"పన్ను సంగతి తప్ప ఏమీ తెలీదు. ఒట్టు."

మేస్త్రీకి కృతజ్ఞత కలగలేదు. కలగాలని తెలుసు, కానీ కలగలేదు. చెవులు మండాయి. రెండేళ్లు. ఎన్ని చప్పట్లకి తల వంచాడు, ఎంతమందికి అనుభవం గురించి పాఠాలు చెప్పాడు! ఆ కుర్రవాళ్లంతా చేతులు కట్టుకుని విన్నారే!

"నన్ను రెండేళ్లు వెర్రివాణ్ణి చేశావు," అన్నాడు.

"అవును బావా," అన్నాడు వాడు.

కాదంటే కొట్టేవాడేమో. అవునన్నాక ఏం చేస్తాడు? అక్కడున్న ఇటుకల దిబ్బ మీద కూలబడ్డాడు. కాసేపటికి వాడు కూడా వచ్చి, కాస్త ఎడంగా కూర్చున్నాడు. మైదానం మీదికి ఎండ వచ్చేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

ఎనిమిది గంటలకి మేస్త్రీ మేడమ్ గది తలుపు కొట్టాడు. ఆవిడ మంచం మీద గుడ్డ పరుచుకుని ట్రాంబోన్ జారుడు గొట్టాన్ని తుడుస్తున్నారు.

"జాబితా తప్పు రాశానండీ," అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

"కూర్చోండి."

"మొదటి ట్రంపెట్ మావాడికి. రెండోది నాకు. అగ్నిమాపకదళం అతనికి నేను చెప్పుకుంటాను." ఒక అడుగు లోపలికి వేశాడు. "మీకు మొదటిరోజే తెలిసిపోయింది కదా?"

"ఒక స్వరానికి రెండు మొదళ్లు వినిపించాయి. ఒకటి గాలి, ఒకటి శబ్దం."

"అప్పుడే చెప్పొచ్చు కదండీ?"

"ఎవరు వాయించారని అడిగాను. మీరు నేనే అన్నారు." ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు. "కుళాయి దగ్గర మీ బావమరిదిని తిట్టాను. నువ్వు సాయం చెయ్యడం లేదు, ఆయన్ని దొంగ చేస్తున్నావు అన్నాను. మీకు చెప్పొద్దని బతిమాలాడు. సరే, చెప్పను, ఆయనకే వినిపించేలా చేస్తానన్నాను. అందుకే గదులు వేరు చేశాను. మీరు నా దగ్గరికి వస్తారనుకున్నాను. జాబితా తెచ్చారు."

మేస్త్రీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"పన్ను చూపించుకోండి," అన్నారు ఆవిడ, మళ్లీ గుడ్డ అందుకుంటూ. "కింది స్వరాల్లో మీ శబ్దం ఇప్పటికీ బాగుంటుంది. ఈ మాట మీ మనసు నిమ్మళించడానికి అనడం లేదు. నాకా అలవాటు లేదు."

పదకొండు గంటల సాధనలో బావమరిది మొదటి కుర్చీలో ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. మేస్త్రీ రెండో కుర్చీలో. ఫైరింజన్ కుర్చీ జరుపుకుంటూ, "ఇంటల్లుడు కిందికి, బావమరిది పైకి. లోకం తిరగబడింది!" అన్నాడు. ఈసారి మేస్త్రీకి కూడా చిన్నగా నవ్వొచ్చింది.

పాట సాగింది. మెట్లన్నీ బావమరిది చక్కగా ఎక్కాడు. పై స్వరం వచ్చింది. వచ్చిందని మేస్త్రీకి తెలిసింది, ఎందుకంటే పక్కనే ఉన్నాడు. హాల్లో మూడో వరసలో నిలబడ్డ మేడమ్ చెయ్యి ఎత్తారు.

"ఎక్కడుంది స్వరం?"

"వాయించానండీ," అన్నాడు బావమరిది.

"నాకు వినపడలేదు. మళ్లీ."

మళ్లీ వాయించాడు. స్వరం శ్రుతిలో ఉంది, చిట్లలేదు, వణకలేదు. కానీ అరక్షణం ఆలస్యంగా, సన్నగా, ఎవరి చాటునో నక్కినట్టు వచ్చింది. మూడోసారీ అంతే. బావమరిది నుదుటి మీద చెమట పట్టింది. "గట్టిగా ఊదుదామనే అనుకుంటున్నానండీ. రావడం లేదు," అన్నాడు.

అప్పుడు మేస్త్రీకి అర్థమైంది. వీడు రెండేళ్లుగా రోజూ తెల్లవారుజామున లేచి సాధన చేసింది స్వరం వాయించడం కాదు, వాయించినట్టు ఎవరికీ తెలియకుండా వాయించడం. తన గొంతుని తనే నొక్కుకోవడం అంత శ్రద్ధగా నేర్చుకున్నాడు. ముప్పై రెండో ఏట, ఊపిరి పొంగి పొర్లే వయసులో. మేస్త్రీ రెండేళ్లు మోసపోయాడు, నిజమే. మరి వీడు పోగొట్టుకున్నదో? పొద్దుటి నుంచి చెవుల్లో ఉన్న మంట అప్పుడు గుండెల్లోకి దిగింది.

మధ్యాహ్నం ఇద్దరూ తరగతి గదిలో కూర్చున్నారు. మేస్త్రీ ఏమీ నేర్పలేదు. నేర్పడానికి తన దగ్గర లేదు. "కొలిమి దగ్గర కొత్తగా వచ్చినవాడు గొట్టంలోకి భయం భయంగా ఊదితే గాజు బుడగ ఏమవుతుంది?" అని మాత్రం అన్నాడు.

"వంకర పోతుంది."

"పగిలినా ఫరవాలేదు, వంకర పోకూడదు. పగిలింది మళ్లీ కరిగించొచ్చు."

"వంకరపోయింది కూడా కరిగించొచ్చు కదా బావా?"

"నోర్ముయ్," అన్నాడు మేస్త్రీ. ఇద్దరూ నవ్వారు. ఐదు రోజుల్లో అదే మొదటిసారి.

ఆరు గంటలకి హాలు నిండింది. వాద్యకారుల ఇళ్లవాళ్లు, బడి పంతుళ్లు, ఇరుగుపొరుగు వాళ్లు. మూడో వరసలో మేస్త్రీ భార్య, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని. మొగుడు రెండో కుర్చీలో ఎందుకున్నాడో అర్థంకాక ఒకసారి అతన్నీ ఒకసారి తమ్ముణ్ణీ చూస్తోంది.

చివరి పాట. ట్యూబా పెద్దాయన నేల అదిరేలా మొదలుపెట్టాడు. ట్రాంబోన్లు అందుకున్నాయి. బావమరిది ఎక్కడం మొదలుపెట్టాడు, అతని కింద మేస్త్రీ నిబ్బరంగా, అడుగడుగునా తోడు వెళుతున్నాడు. ఒక మెట్టు. రెండో మెట్టు. బావమరిది భుజాలు దగ్గరికి ముడుచుకోవడం మేస్త్రీ కంటి కొసకి కనిపించింది. నక్కడానికి చోటు వెతుక్కుంటున్నాడు. ఆ చోటు ఏదో మేస్త్రీకి తెలుసు. తన శబ్దమే.

మూడో మెట్టు మీద మేస్త్రీ ట్రంపెట్ పెదవి నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

బావమరిది కింద నేల మాయమైంది. వాడి కళ్లు భయంగా పక్కకి తిరిగాయి. మేస్త్రీ ముందుకి చూస్తూ కూర్చున్నాడు. ఇక వెనకపడటానికి ముందు ఎవరూ లేరు. బావమరిది ఊపిరి పీల్చాడు, ఆ పీల్చిన చప్పుడు రెండో వరసదాకా వినిపించి ఉంటుంది. స్వరం వచ్చింది. మొదట కొంచెం గరుకుగా, పక్కకి ఒరిగింది. తర్వాత నిలబడింది. హాలు పైకప్పు రేకులు జివ్వుమన్నాయి. మొదటి వరసలో ఒక ముసలాయన వినికిడి యంత్రం తీసి చూసుకున్నాడు. నాలుగు దెబ్బల సేపు నిలవాల్సిన స్వరం ఐదో దెబ్బలోకి కూడా పోయింది. వాడికి ఆపాలనిపించలేదు కాబోలు. ట్యూబా పెద్దాయన నవ్వు ఆపుకుంటూ ఆ ఒక్క దెబ్బా వాడికోసం ఆగాడు.

చప్పట్లు సద్దుమణిగి, జనం లేచి, కుర్చీలు గరగరలాడుతుంటే, బావమరిది వేదిక మీదే ఇటు తిరిగాడు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"చచ్చాననుకున్నాను బావా! మీరు మధ్యలో వాయించడం ఆపేశారేంటి?"

"విందామని," అన్నాడు మేస్త్రీ.